పికప్ కావాలా, పవర్ కావాలా? బండి ఇంజను మార్పించే ముందు వేసుకోవలసిన లెక్కలు

గోదావరి జిల్లాల్లో ఏ మెకానిక్ షెడ్డు ముందు నిలబడినా ఇంజను గురించి వినిపించే ఫిర్యాదు దాదాపు ఒకటే: "బండికి పికప్ లేదు." భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులకు మేత బస్తాలు వేసుకొని వెళ్లే రైతూ ఆ మాటే అంటాడు, అంబాజీపేట వైపు కొబ్బరికాయల బస్తాలు కట్టుకొని తిరిగే వ్యాపారీ ఆ మాటే అంటాడు, కాకినాడలో చదువుకుంటూ పండక్కి ఊరొచ్చిన కుర్రవాడూ ఆ మాటే అంటాడు. అడిగింది పికప్ అయితే, దానికి చెప్పే మందు మాత్రం చాలాసార్లు పవర్ పెంచడం అవుతుంది. సైలెన్సర్ మార్చడం, ఎయిర్ ఫిల్టర్ మార్చడం, బోరు (సిలిండరు రంధ్రం) పెద్దది చేయించడం, ఇంజను కంప్యూటరులో మ్యాపింగు (ఎప్పుడు ఎంత పెట్రోలు చిమ్మాలో చెప్పే పట్టిక) మార్పించడం వంటివన్నీ ఆ మందులోనివే. అయితే పికప్, పవర్ ఒకటి కావు. ఒకదాని కోసం చేసిన పని రెండోదాన్ని తగ్గించే సందర్భాలు కూడా తక్కువేమీ కావు. డబ్బు ఖర్చుపెట్టిన తరువాత చాలామందికి మిగిలే అసంతృప్తికి మూలం ఇక్కడే ఉంది కాబట్టి ముందు ఈ రెండు మాటలను విడదీసి చూడాలి.

ఇంజను లోపలి క్రాంకును మెలితిప్పే బలం టార్క్. ఆ బలం ఎంత వేగంగా తిరుగుతున్నదో కూడా లెక్కలోకి తీసుకుంటే వచ్చేది పవర్. న్యూటన్ మీటర్లలో చెప్పే టార్కును ఆర్‌పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లతో) హెచ్చించి 7,121తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఇంజను 4,000 ఆర్‌పీఎం వద్ద 27 న్యూటన్ మీటర్ల టార్కు ఇస్తుంది. లెక్క కడితే అక్కడ దాని పవర్ 15 హార్స్‌పవర్ చిల్లర మాత్రమే. దాని గరిష్ఠ పవర్ అయిన 20.2 హార్స్‌పవర్ 6,100 ఆర్‌పీఎం వద్ద వస్తుంది. పల్సర్ ఎన్‌ఎస్ 200 ఇంజను పరిమాణంలో ఇంతకన్నా చాలా చిన్నదైనా 24 హార్స్‌పవర్ పైచిలుకు ఇస్తుంది, కానీ ఆ అంకె కోసం దాన్ని 9,750 ఆర్‌పీఎం దాకా తిప్పాలి. పందెంలో ఎన్‌ఎస్ ముందుంటుంది. కాలువ గట్టు మీద, వెనక మనిషిని కూర్చోబెట్టుకొని, నలభై వేగంతో మూడో గేరులో పోతూ థ్రాటిల్ తిప్పినప్పుడు గేరు మార్చకుండా లాగేది మాత్రం క్లాసిక్. మన వాళ్లు పికప్ అనేది ఈ రెండో గుణాన్నే. అంటే తక్కువ ఆర్‌పీఎంలో ఇంజను ఇచ్చే టార్కు, దాన్ని గేర్లు ఎంతగా పెంచి చక్రానికి అందిస్తున్నాయన్నది, ఆ బలం మోయవలసిన బరువు, ఈ మూడూ కలిస్తే పికప్.

డెల్టా రోడ్లు ఎంత పవర్ అడుగుతాయో కూడా ఒకసారి చూడాలి. ఇక్కడ కొండలు లేవు, ఘాట్లు లేవు. పంట్లు, వంతెనలు, గట్టు ఎక్కే అడ్డదారులు తప్ప ఎత్తుపల్లాలు దాదాపు ఉండవు. బండీ ఇద్దరు మనుషులూ కలిపి 300 కేజీలనుకొని, గాలి నిరోధానికీ టైర్ల నిరోధానికీ మామూలు అంచనాలు వేసుకుంటే, చదునైన రోడ్డు మీద 60 కిలోమీటర్ల వేగంతో నిలకడగా సాగడానికి చక్రం దగ్గర సుమారు మూడున్నర హార్స్‌పవర్ చాలు. ఎనిమిది హార్స్‌పవర్ లోపు ఇచ్చే స్ప్లెండర్ కూడా ఆ పనిలో సగం శక్తిని వాడకుండానే ఉంచుకుంటుంది. అదే 100 కిలోమీటర్ల వేగానికి 13 హార్స్‌పవర్ దాకా కావాలి. ఎందుకంటే గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగానికి ఘనంగా పెరుగుతుంది. ఈ సూత్రాన్నే తిరగేసి చూస్తే, ఎంతో ఖర్చుపెట్టి పవరును 10 శాతం పెంచినా గరిష్ఠ వేగం 100 నుంచి 103 దగ్గరికి చేరుతుందంతే. ఆ మూడు కిలోమీటర్లు స్పీడోమీటరు ముల్లు సహజంగా చూపించే తేడాలో కలిసిపోతాయి.

వేగం సంగతి సరే, ఓవర్‌టేక్ మాటేమిటని అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. 216వ నంబరు జాతీయ రహదారి మీద ధాన్యం లారీ వెనక చిక్కుకున్న 150 సీసీ బండి 50 నుంచి 70 వేగానికి రావాలనుకుందాం. 14 హార్స్‌పవర్ ఇంజను ఆ పరిధిలో సగటున అందించగలిగే శక్తిని బట్టి చూస్తే ఆ పనికి ఆరు క్షణాలు (సెకన్లు) పడుతుంది. పవర్ 10 శాతం పెరిగితే అది ఐదు క్షణాల చిల్లరకు వస్తుంది. తేడా నిజమే, ఎదురుగా బస్సు వస్తున్నప్పుడు ఒక క్షణం చిన్నదేమీ కాదు. కానీ ఓవర్‌టేక్‌కు ముందు ఒక గేరు దించితే చక్రం దగ్గర బలం 20 నుంచి 30 శాతం పెరుగుతుంది, దానికి పైసా ఖర్చు లేదు. పై గేరులోనే ఉండి థ్రాటిల్ మొత్తం తిప్పి బండిని తిట్టుకునే అలవాటు మనలో ఎంతమందికి ఉందో లెక్కతీస్తే సగం సైలెన్సర్లు కొనవలసిన పని ఉండేది కాదనిపిస్తుంది. బరువు విషయం కూడా ఇటువంటిదే. 25 కేజీల మేత బస్తా ఒకటి దించితే 300 కేజీల మొత్తం 275 అవుతుంది, అదే ఇంజనుతో బండి సుమారు 9 శాతం చురుగ్గా అందుకుంటుంది. బస్తా దించడం కుదరదు కదా అంటే, కుదరదు. పోలిక కోసం చెప్పాను.

టూస్ట్రోక్ వారసత్వం

సైలెన్సర్ మారిస్తే బండి రెచ్చిపోతుందన్న నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. 1985లో వచ్చి 1996 దాకా తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 అనే టూస్ట్రోక్ బండి దానికి మూలపురుషుడు. 98 సీసీలో 11 హార్స్‌పవర్, బండి బరువు వంద కేజీల దరిదాపు; ఆ నిష్పత్తి ఇవాళ్టి వంద సీసీ బండ్లకు లేదు. ఇటువంటి టూస్ట్రోక్ ఇంజనులో ఫోర్‌స్ట్రోక్‌లో ఉండేటటువంటి కవాటాలు (వాల్వులు) ఉండవు, పిస్టనే గోడలోని రంధ్రాలను మూస్తూ తెరుస్తూ ఉంటుంది. పొగ బయటికి పోయే దారి, కొత్త మిశ్రమం లోపలికి వచ్చే దారి కొంతసేపు రెండూ తెరిచే ఉంటాయి కాబట్టి కొత్త మిశ్రమంలో కొంత పొగతో పాటు పారిపోతుంది. సైలెన్సర్ గొట్టం ఆకారం సరిగా కుదిరితే అందులో పుట్టే పీడన తరంగం వెనక్కి వచ్చి, పారిపోతున్న ఆ మిశ్రమాన్ని తిరిగి సిలిండరులోకి నెడుతుంది. అంటే టూస్ట్రోక్‌లో సైలెన్సర్ ఇంజనులో భాగమే. గొట్టం మార్చినా, ఆ రంధ్రాలను (పోర్టులను) ఆకురాయితో రాసి పెద్దవి చేసినా పవర్ కళ్లకు కనిపించేంతగా పెరిగేది. ఆ రోజుల్లో రాజమండ్రిలోనో కాకినాడలోనో ఆ పని నేర్చిన మెకానిక్కుల చేతిలో నిజమైన విద్య ఉండేది.

ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో ఆ పని కవాటాలు చేస్తాయి. సైలెన్సర్ ప్రభావం ఉంటుంది గానీ స్వల్పం. మామూలు 150, 200 సీసీ సింగిల్ సిలిండర్ బండ్ల మీద సైలెన్సర్, ఫిల్టర్ కలిపి మార్చినా ఒకటి రెండు హార్స్‌పవర్ దాటి రావడం అరుదు, అదీ పై ఆర్‌పీఎంలోనే. పొగ స్వేచ్ఛగా పోయే పెద్ద గొట్టంలో తక్కువ ఆర్‌పీఎం వద్ద వాయువుల వేగం పడిపోతుంది, దానితో కింది టార్కు తగ్గుతుంది. కవాటాలను తెరిచే క్యామ్ మార్చినా జరిగేది సుమారుగా ఇదే. పికప్ అడిగిన మనిషికి పికప్ తగ్గించి ఇచ్చే ఈ వ్యవహారం వెంటనే బయటపడకపోవడానికి కారణం శబ్దం. బండి గట్టిగా అరుస్తున్నప్పుడు వేగంగా పోతున్నట్టే చెవి మనసుకు చెబుతుంది.

పరీక్షించి చూసుకోవడం కష్టమేమీ కాదు. ఖాళీ రోడ్డు మీద ఒకే గేరులో 30 నుంచి 60కి రావడానికి ఎంతసేపు పడుతుందో ఫోనులో స్పీడోమీటరును వీడియో తీసుకొని, మార్పుకు ముందూ తరువాతా పోల్చాలి. రెండు దిశలలోనూ తీయాలి, ఎందుకంటే మధ్యాహ్నం వేళ సముద్రం మీది నుంచి వచ్చే గాలి ఎదురైతే లెక్క తప్పుతుంది. 60 వేగంలో పది కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే గాలి నిరోధం మూడో వంతుకు పైగా పెరుగుతుంది. వాతావరణం కూడా ఒకటే ఉండాలి. ఇంజను గాలిని పీల్చే పంపు. ఎంత ప్రాణవాయువు లోపలికి వస్తే అంత పెట్రోలు కాలుతుంది. 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వెళితే గాలి సాంద్రత 5 శాతం తగ్గుతుంది. దానికి తోడు మన కోస్తా ఉక్కపోత వేళల్లో గాలిలో 4 శాతం దాకా నీటి ఆవిరే ఉంటుంది, ఆ మేరకు ప్రాణవాయువుకు చోటు తగ్గుతుంది. జనవరి ఉదయం చురుగ్గా ఉన్న బండి మే నెల మధ్యాహ్నం నిదానించడంలో వింతేమీ లేదు. ఖరీదైన ఫిల్టర్ తెచ్చిపెట్టే లాభాన్ని ఈ ఉక్కపోత ఒక్కటే మింగేయగలదు.

ఇంజను కంప్యూటరు, బోరు

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక కార్బొరేటర్ దాదాపు కనుమరుగైంది. కార్బొరేటర్ బండిలో సైలెన్సర్, ఫిల్టర్ మార్చిన మెకానిక్ జెట్టు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) కూడా పెద్దది వేసి లెక్క సరిచేసేవాడు. ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండిలో ఎంత పెట్రోలు చిమ్మాలో చెప్పేది కంప్యూటరు. నిదానంగా పోతున్నప్పుడు సైలెన్సర్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ మిశ్రమాన్ని గమనిస్తూ, ఒక భాగం పెట్రోలుకు సుమారు 14.7 భాగాల గాలి అనే నిష్పత్తి దగ్గరికి తెస్తూ ఉంటుంది, కాబట్టి మనం చేసిన మార్పును అది తనంతట తానే రద్దు చేసేస్తుంది. థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం కంప్యూటరు సెన్సర్ మాట పక్కనపెట్టి, కంపెనీలో రాసిపెట్టిన పట్టికను అనుసరిస్తుంది. ఆ పట్టిక పాత సైలెన్సర్ కోసం రాసింది. గాలి ఎక్కువై పెట్రోలు చాలకపోతే మంట వేడి పెరుగుతుంది, ఇంజను కొట్టుకుంటుంది, గాలితో చల్లబడే సిలిండరుకైతే ఇది మరీ చేటు. కోతల కాలంలో ధాన్యం ట్రాక్టరు వెనక ఇరవై వేగంతో పాకుతున్నప్పుడు దానికి తగిలే గాలి ఎంత? మ్యాపింగును పద్ధతిగా మార్చగలిగినవారు ఉన్నారు, పెద్ద ఇంజన్ల మీద దాని ఫలితమూ కనిపిస్తుంది. కానీ పవర్ కొలిచే యంత్రమైన డైనమోమీటరు మీద ఎక్కించి కొలవకుండా, ఇంటర్నెట్టులో దొరికిన ఫైలు ఎక్కించి పంపేదాన్ని ట్యూనింగు అనడం ఆ మాటకే అవమానం.

బోరు సంగతి వేరు. స్ప్లెండర్ సిలిండరు వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 49.5. ఒక మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేసి బోరు చేయించినా సీసీ పెరిగేది 4 శాతమే, 97 కాస్తా 101 అవుతుంది. మరి "బోరు చేయించాక బండి కొత్తదైపోయింది" అన్న మాట అబద్ధమా? కాదు. అరిగిన గోడల నుంచి, సన్నబడిన రింగుల నుంచి కారిపోతున్న కంప్రెషన్ తిరిగి వచ్చింది. పెరిగిన నాలుగు సీసీలకు దక్కిన కీర్తి నిజానికి కొత్త రింగులది. లోపల ఇనుప స్లీవు లేని సిలిండర్లు కొన్ని బండ్లలో ఉంటాయి, యమహా ఆర్15లోని డయాసిల్ సిలిండరు అటువంటిది; వాటికి ఈ బోరు వైద్యమే పనికిరాదు.

ఇక్కడే నేను నొక్కి చెప్పదలచిన విషయం ఉంది. మన దగ్గర పికప్ లేదని షెడ్డుకు వచ్చే బండ్లలో చాలావాటికి కావలసింది కొత్త పవర్ కాదు, పోగొట్టుకున్న పవర్. కొన్నేళ్ల కిందట నా 150 సీసీ బండి ఉన్నట్టుండి బరువెక్కినట్టు అయింది. మొదట చూసిన మెకానిక్ బోరు చేయించాలన్నాడు. పాలకొల్లు దగ్గర ఇంకో పెద్దాయనకు చూపిస్తే ఆయన ఇంజను వంక చూడనే లేదు. బండిని సెంటర్ స్టాండు వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పాడు. అది అర చుట్టు తిరిగి ఆగిపోయింది. "బ్రేకు పట్టేసుకుని ఉంటే ఏనుగును పెట్టినా లాగదు బాబూ" అన్నారు. తరువాత క్లచ్ లివరు పట్టుకు చూస్తే అందులోనూ ఆట లేదు, ప్లేట్లు జారుతున్నాయి. నాకు ఆ రోజు అయిన ఖర్చు క్లచ్ ప్లేట్లకు, బ్రేకు శుభ్రానికి మాత్రమే.

డెల్టా వాతావరణం ఇటువంటి దొంగతనాలకు అనువైనది. సముద్రపు గాలికి, ఉప్పునీటి చెరువుల గట్లకు చైను త్వరగా తుప్పుపట్టి బిగుసుకుంటుంది. నూర్పిళ్లప్పుడు గాలిలో ఎగిరే ఊక, పొట్టు, ఎండాకాలం గట్టు రోడ్ల మీది ఒండ్రు దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌ను మూసేస్తాయి. కంపెనీ చెప్పిన కిలోమీటర్ల లెక్క ఇక్కడ చెల్లదు, సగానికే మార్చుకోవాలి. దుమ్ము పట్టిన ఫిల్టర్ బండిని పోనివ్వదని విసిగి దాన్ని తీసేసి తిరిగేవారున్నారు, వాళ్లు ఆ దుమ్ముతోనే సిలిండరును గీరుకుంటున్నారు. టైర్లలో గాలి తగ్గడం, వాల్వుల సందు తప్పడం, ప్లగ్గు అరగడం వీటికి తోడు.

పెట్రోలు విషయం కూడా చెప్పుకోవాలి. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నదానిలో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే కాబట్టి మైలేజి కొంత పడిపోవడం సహజం. అంతకన్నా ముఖ్యం, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. కోనసీమ నుంచి గల్ఫుకో హైదరాబాదుకో వెళ్లినవారి బండ్లు నెలల తరబడి పెరటి పాకల్లో సగం ట్యాంకుతో నిలిచి ఉంటాయి. ఖాళీగా ఉన్న సగంలో తేమ గాలి చేరి నీరు కడుతుంది, మోతాదు మించితే ఆ నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. సంక్రాంతికి వచ్చి స్టార్టు చేసినవారికి బండి తడబడుతూ, లాగకుండా ఉంటే దానికి ఇంజను బలం చాలలేదని కాదు అర్థం, ట్యాంకు కడిగించాలని.

ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా పికప్ చాలకపోతే, ఖర్చు తక్కువా మోసం తక్కువా ఉన్న మార్గం చైన్ స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం). ముందు 14 పళ్లు, వెనక 42 ఉన్న బండికి ముందుది 13 చేస్తే ప్రతి గేరులోనూ చక్రం దగ్గర బలం 7.7 శాతం పెరుగుతుంది. వెనక మూడు పళ్లు పెంచడం కూడా ఇంచుమించు ఇంతే. ఇంజనును తాకనక్కరలేదు, నచ్చకపోతే గంటలో వెనక్కి మార్చుకోవచ్చు. బదులుగా అదే వేగానికి ఇంజను 7.7 శాతం ఎక్కువ తిరుగుతుంది, మైలేజి తగ్గుతుంది, తాడేపల్లిగూడెం హైవే ఎక్కితే రొద పెరుగుతుంది. గేర్‌బాక్సు నుంచి వేగం లెక్క తీసుకునే బండ్లలో స్పీడోమీటరు ఎక్కువ చూపిస్తుంది, ముందు చక్రం నుంచి తీసుకునేవాటిలో తేడా రాదు. బస్తాలు మోసే బండికి ఇది నేను నిస్సంకోచంగా చెప్పే సలహా. హైవే మీద ఒంటరిగా తిరిగేవారికి చెప్పను.

చట్టం, బ్రేకులు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన కేసులో, ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. ఆర్‌సీలో సీసీ రాసి ఉంటుంది కాబట్టి పెద్ద బోరు కిట్టు నేరుగా ఈ గీత దాటుతుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షను కింద అటువంటి ఒక్కో మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. సైలెన్సర్ విషయంలో 190వ సెక్షను కింద జరిమానా ఇంకా ఎక్కువ: శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, వాటితో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. తయారీ దశలో 80 నుంచి 175 సీసీ బండ్లకు శబ్ద పరిమితి 77 డెసిబెళ్లు, అంతకు మించిన సీసీకి 80. బజారులో దొరికే ఖాళీ గొట్టాలు దీన్ని ఎంత దాటతాయో ఊళ్లో రాత్రి పూట నిద్రపోయే ఎవరినడిగినా చెబుతారు. ఇక బీమా సంస్థకు ముందుగా తెలియజేయని మార్పు, ప్రమాదం తరువాత క్లెయిమును తగ్గించడానికో తిరస్కరించడానికో కారణం కాగలదు. వారంటీ సంగతి చెప్పనక్కరలేదు.

బ్రేకుల లెక్క మాత్రం తప్పకుండా వేసుకోవాలి, ఎందుకంటే పవర్ పెంచే కిట్లు అమ్మేవాడు దాని ఊసెత్తడు. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే 60 వేగంలో బండి ఆగడానికి సుమారు 23 మీటర్లు, 80 వేగంలో 41 మీటర్లు కావాలి. చూసి స్పందించడానికి పట్టే ఒక క్షణంలో దొర్లిపోయే 17, 22 మీటర్లు వీటికి అదనం. రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉన్నా, చేపల లారీ కార్చుకుంటూ పోయిన నీళ్లున్నా, తడిసిన గడ్డి ఉన్నా పట్టు సగానికి పడుతుంది, బ్రేకు దూరం రెట్టింపవుతుంది. ఒక పక్క కాలువ, మరో పక్క పల్లపు చేను, మలుపు అవతల గేదెలు ఉండే గట్టు రోడ్డు మీద వంద మీటర్లకు పైబడిన చూపు ఎక్కడ దొరుకుతుంది? అదే డబ్బుతో మంచి టైర్లు, కొత్త బ్రేకు షూలు వేయించుకుంటే బండి సగటు వేగం పెరుగుతుందన్నది నా అనుభవం. నమ్మకంగా ఆపగలిగినవాడే నమ్మకంగా పోనివ్వగలడు.

పవర్ నిజంగానే కావలసినవారు లేకపోలేదు. పందేల ట్రాకు మీద తిరగాలనుకునేవారికి ఈ లెక్కలన్నీ మారిపోతాయి, కానీ చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న ట్రాకు వంటిదాని కోసం సుమారు 600 కిలోమీటర్లు వెళ్లాలి, ఆ బండిని రోడ్డు బండిగా వాడటం కుదరదు. మిగతావారు కిట్లకు, లేత్ పనికి, మ్యాపింగుకు అయ్యే మొత్తాన్ని ఒక కాగితం మీద రాసి, తమ బండి అమ్మితే వచ్చే డబ్బుకు దాన్ని కలిపి, ఆ మొత్తానికి వాడిన పెద్ద సీసీ బండి ఏది వస్తుందో రావులపాలెం కన్సల్టెన్సీల్లో ఒకసారి విచారించాలి. పెద్ద బండికి దాని బరువుకు తగిన బ్రేకులు, ఛాసీ, ఆర్‌సీలో సరైన సీసీ కంపెనీ నుంచే వస్తాయి. మార్పులు చేసిన బండికి అమ్మేటప్పుడు పెట్టిన ఖర్చు తిరిగి రాదు, చాలామంది కొనేవారు అసలు సైలెన్సర్ ఏదని మొదటే అడుగుతారు. అయినా మార్చి తీరాలనుకున్నవారు తీసేసిన సైలెన్సర్‌ను, పాత స్ప్రాకెట్‌ను నూనె పూసి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటక మీద పెట్టుకోవాలి. ఊరికే మూలన పడేస్తే ఈ గాలికి రెండు వానాకాలాల్లో తుప్పు తినేస్తుంది.